సముద్ర మట్టం అంటే ఏ సముద్రం? తీరం వెంట పాతిన కొలతరాళ్ల కథ

రైలు దిగగానే ప్లాట్‌ఫాం చివర పసుపు రంగు బోర్డు కనిపిస్తుంది. దాని మీద ఊరి పేరు మూడు భాషల్లో ఉంటుంది, కింద చిన్న అక్షరాల్లో సముద్ర మట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తో రాసి ఉంటుంది. కొన్ని బోర్డుల మీద ఆ అంకె మీటరులో వందో వంతు దాకా ఉంటుంది. చిన్నప్పటి నుంచీ దాన్ని చూసినప్పుడల్లా నాకు ఒకటే అనుమానం. సముద్రం ఒకచోట నిలబడేది కాదు కదా. పొద్దున పోటు మీద ఉంటే మధ్యాహ్నానికి పాటుకు వస్తుంది. అమావాస్యకు ఒక తీరు, అష్టమికి ఒక తీరు. మరి ఇంత కచ్చితమైన అంకె ఏ సముద్రం నుంచి కొలిచారు? ఏ రోజు కొలిచారు?

దీనికి జవాబు వెతుక్కుంటూ పోతే చివరికి రాళ్ల దగ్గర తేలతాం. గోదావరి డెల్టాలో మా వైపు ఒక కాలవ లాకు ఉంది. దాని గోడ మీద అరచేతి వెడల్పున ఒక చదరం చెక్కి ఉంటుంది. పైన జి.టి.ఎస్., కింద బి.ఎం. అని ఇంగ్లిష్ అక్షరాలు. లాకు మీద కూర్చుని గాలం వేసే పిల్లలు ఎర డబ్బా పెట్టుకునేది సరిగ్గా ఆ చదరం మీదే. జి.టి.ఎస్. అంటే గ్రేట్ ట్రిగొనమెట్రికల్ సర్వే. బి.ఎం. అంటే బెంచ్‌మార్కు. ఈ రోజు ఆఫీసుల్లో, టీవీల్లో ప్రతిదానికీ వాడేస్తున్న బెంచ్‌మార్కు అనే మాట పుట్టింది ఇలాంటి చెక్కుడు గుర్తుల నుంచే. ఆ చదరం మీద అంకెలు గీసిన కొలత కర్ర, అంటే స్టాఫ్ కర్ర నిలబెడితే, దాని అడుగు సముద్ర మట్టానికి ఎంత ఎత్తులో ఉందో సర్వే ఆఫ్ ఇండియా పుస్తకాల్లో రాసి ఉంటుంది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. సర్వేరాయి అనగానే మనకు పొలం గట్టు మీది హద్దురాయి గుర్తొస్తుంది. అది ఎవరి భూమి ఎక్కడిదాకా ఉందో చెప్పే రాయి. తీరం వెంట ఉన్నవి ఇంకో రెండు రకాలు. ఒకటి చోటు చెప్పే రాయి: ఈ బిందువు అక్షాంశ, రేఖాంశాలు ఇవీ అని. రెండోది ఎత్తు చెప్పే రాయి. ఈ రెండూ వేర్వేరు అవసరాల కోసం, వేర్వేరు కాలాల్లో పాతినవి. కొలిచిన పద్ధతులు కూడా వేరు. ముందు వచ్చింది చోటు చెప్పే రాయి.

కొండ గుర్తు, గుడి గుర్తు

రాళ్లు పాతక ముందు తీరానికి గుర్తులు లేవని కాదు. వేటకు వెళ్లే మత్స్యకారులు ఒడ్డు మీది రెండు గుర్తులను ఒక వరసలో పెట్టి చూస్తారు. ఒక కొండ కొన, దాని ముందు ఒక గుడి శిఖరం. ఇంకో వైపు మరో రెండు గుర్తులు. ఆ రెండు వరసలు కలిసే చోట వల వేస్తే చేప పడుతుందని వాళ్లకు తెలుసు. ఆ చోటుకు పదేళ్ల తర్వాత కూడా మళ్లీ రాగలరు. ఇది త్రిభుజాల లెక్కే, కాకపోతే కాగితం లేదు. తూర్పు తీరం వెంట వచ్చిన విదేశీ ఓడలవాళ్లు కూడా కొండలు, గోపురాలు చూసుకునే నడిపారు. కోణార్క్ గుడిని నల్ల పగోడా అనీ, పూరీ గుడిని తెల్ల పగోడా అనీ వాళ్లు పిలిచింది అందుకే.

కానీ కొండ కనిపిస్తే చాలదు, ఆ కొండ మ్యాపులో సరైన చోట ఉండాలి. మద్రాసు రేఖాంశంలో తప్పుంటే తీరమంతా తప్పే. ఈస్టిండియా కంపెనీ ఓడలు ఇసుక మేటల మీద పడి పోతుంటే ఆ నష్టం లెక్కకు వచ్చింది. అప్పుడు రంగంలోకి వచ్చినవాడు మైకేల్ టాపింగ్. మచిలీపట్నం, కోరంగి వైపు తీరాన్నీ, గోదావరి, కృష్ణా నదీముఖాలనూ పరిశీలించిన మనిషి. ఆయన పట్టుబట్టడంతో 1792లో మద్రాసు నుంగంబాక్కంలో నక్షత్రశాల భవనం లేచింది. లోపల పరికరం కదలకుండా నిలబెట్టడానికి ఒక పెద్ద గ్రానైట్ స్తంభం పాతారు. దాని మీద తమిళం, తెలుగు సహా పలు భాషల్లో అక్షరాలు చెక్కించారు. ఆ స్తంభం ఇప్పటికీ చెన్నై వాతావరణ కేంద్రం ఆవరణలో ఉంది. టాపింగ్ మాత్రం 1796లో మచిలీపట్నంలోనే చనిపోయాడు. మన తీరం కొలతల చరిత్రలో మొదటి పెద్ద పేరు ఆయనదే అయినా, బందరులో ఆ పేరు తెలిసినవాళ్లు అరుదు. ఇది నాకు బాధ కలిగించే విషయం.

ఆ స్తంభం దగ్గర కట్టిన రేఖాంశమే భారతదేశపు మ్యాపులకు ఆధారమైంది. తర్వాతి కాలంలో, టెలిగ్రాఫ్ తీగల మీద సమయం పోల్చి చూసుకునే రోజులు వచ్చాక, అందులో రెండున్నర నిమిషాల లోపు కోణం తేడా ఉందని తేలింది. వినడానికి చిన్నదే. నేల మీద అది నాలుగు కిలోమీటర్ల పైమాటే. అంటే దేశం మొత్తం మ్యాపులో కాస్త పక్కకు జరిగి కూర్చుంది. దేశంలో ఊరికీ ఊరికీ మధ్య దూరాలు సరిగ్గానే ఉన్నాయి, ఎందుకంటే అన్నీ కలిసే జరిగాయి. రాయి చెప్పే అంకె ఎప్పుడూ ఇంకో రాయితో పోల్చి చెప్పేదే అన్నమాట.

గ్రేట్ ట్రిగొనమెట్రికల్ సర్వేకు ఆద్యుడైన విలియం లాంబ్టన్ 1802 ఏప్రిల్‌లో మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ వద్ద మొదటి బేస్‌లైన్ కొలవడం మొదలుపెట్టాడు. అది సుమారు ఏడున్నర మైళ్ల గీత. వంద అడుగుల ఉక్కు గొలుసును ఎండ తగలకుండా గుడారాల కింద పరిచి కొలిచారు, ఎండకు ఉక్కు సాగితే లెక్క చెడిపోతుందని. త్రిభుజంలో ఒక భుజం, రెండు కోణాలు తెలిస్తే మిగతా రెండు భుజాలు కాగితం మీదే వస్తాయి. కాబట్టి నేల మీద కొలవాల్సింది ఆ ఒక్క గీతే. అక్కడి నుంచి కొండ మీంచి కొండకు కోణాలు చూసుకుంటూ పడమటి తీరం దాకా వెళ్లారు. మద్రాసు నుంచి మంగళూరు వైపు 400 మైళ్లు అనుకుంటున్న వెడల్పు 360 మైళ్లే అని తేలింది.

కొండలు లేని డెల్టాల్లో గుడి గోపురాలే ఎక్కారు. 1808లో తంజావూరు పెద్ద గుడి మీదికి కోణాలు కొలిచే అర టన్ను బరువున్న థియోడలైట్‌ను తాళ్లతో లాగుతుంటే తాడు తెగి గోడకు కొట్టుకుంది. వంకరపోయిన చక్రాన్ని లాంబ్టన్ వారాల తరబడి కూర్చుని తనే సరిచేసుకున్నాడు.

తెలుగు తీరానికి ఈ లెక్కలో ముఖ్యమైన చోటు విశాఖపట్నం. 1862-63లో అక్కడ ఒక బేస్‌లైన్ కొలిచారు. ఈసారి గొలుసు వాడలేదు. ఇత్తడి, ఇనుము కడ్డీలను జతచేసి, ఒకటి సాగితే ఇంకోటి సర్దేలా చేసిన పది అడుగుల కడ్డీలు వాడారు. త్రిభుజాల మీద త్రిభుజాలు కట్టుకుంటూ వందల మైళ్లు వస్తే చిన్న చిన్న తప్పులు పేరుకుంటాయి. అందుకే మధ్య మధ్యలో నేల మీద మళ్లీ ఒక గీత కొలిచి, కాగితం మీద వచ్చిన పొడవుతో పోల్చి చూసుకోవాలి. మొత్తం తూర్పు తీరం లెక్కకు విశాఖ అలా సాక్షి అయింది.

ఒకే బీచ్, మూడు గీతలు

ఇప్పుడు ఎత్తు సంగతి. అసలు చిక్కుముడి ఇదే.

బీచ్‌లో నిలబడి చూడండి. పాటు వేళ నీళ్లు వెనక్కి పోయి ఆగే చోటు ఒకటుంది. పెద్ద పోటులో నురగ, నాచు, గవ్వలు వదిలిపెట్టే చోటు ఒకటుంది. ఈ రెండిటి మధ్య ఎక్కడో, ఏళ్ల తరబడి లెక్క తీసిన సగటు మట్టం ఉంది. దాన్ని కంటితో చూడలేం. ఓడలవాళ్ల సున్నా ఆ కింది గీత దగ్గర ఉంటుంది, ఎందుకంటే నీళ్లు అన్నిటికన్నా తక్కువ ఉన్నప్పుడు ఓడ అడుగు నేలకు తగలకూడదు. దేశపు సముద్ర జలాల హద్దు, ఆ 12 నాటికల్ మైళ్లు లెక్కపెట్టేది కూడా మామూలుగా పాటు గీత నుంచే. రైల్వే బోర్డు మీది సున్నా మధ్యలో ఉన్న సగటు మట్టం. ఇళ్లు, హోటళ్లు కట్టుకోవచ్చో లేదో చెప్పే చట్టానికి కావాల్సింది పై గీత. ముగ్గురూ ‘సముద్రం’ అనే అంటారు, మూడు వేర్వేరు చోట్ల నుంచి కొలుస్తారు. విశాఖలో పెద్ద పోటుకీ పాటుకీ తేడా సుమారు ఒకటిన్నర మీటరే కాబట్టి మనకు ఇది పెద్దగా తెలియదు. గుజరాత్‌లో ఖంభాత్ గల్ఫ్ దగ్గర అది పది మీటర్ల దాకా ఉంటుంది. అక్కడివాళ్లను అడిగితే ఏ గీతో ముందు చెప్పమంటారు.

మధ్య గీతను పట్టుకోవడానికి టైడ్ గేజ్ పెట్టారు. ఒడ్డున ఒక బావి, దాన్ని సముద్రంతో కలిపే గొట్టం. గొట్టం సన్నగా ఉంటుంది కాబట్టి అల తాకిడి లోపలికి రాదు, పోటు పాటులు మాత్రం వస్తాయి. బావిలో తేలే బెండుకు తీగ కట్టి, దానికి పెన్సిలు తగిలించి, గడియారంతో తిరిగే కాగితపు చుట్ట మీద గీత గీయించేవారు. సముద్రం తన ఎత్తును తనే రాసుకునేది. ఆ పక్కనే గట్టి రాతి మీద ఒక బెంచ్‌మార్కు ఉంటుంది. పెన్సిలు గీసిన గీతకు అర్థం చెప్పేది ఆ రాయే. రాయి పోతే, నూరేళ్ల కాగితాలున్నా ఏ ఎత్తు నుంచి కొలిచారో చెప్పలేం.

1858లో మొదలైన లెవెలింగ్ పని దేశం నలుమూలలకూ పాకింది. రెండు స్టాఫ్ కర్రలు, మధ్యలో లెవెల్ యంత్రం. వెనక కర్ర చూడు, ముందు కర్ర చూడు, తేడా రాసుకో, యంత్రం ఎత్తుకుని ముందుకు నడు. అలా వేల మైళ్లు. దారిలో గుడిమెట్టు, వంతెన గోడ, కాలవ లాకు, ఏది గట్టిగా కనిపిస్తే దాని మీద చదరం చెక్కారు. మా లాకు గోడ మీది గుర్తు ఆ నడకలో పడిన అడుగే. కాలవలకు ఈ పని ఎంత అవసరమో డెల్టా రైతుకు వేరే చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి సముద్రం దాకా నేల వాలు చాలా తక్కువ. ఆ కొద్ది వాలులో నీళ్లు పారాలంటే అంగుళాలు కూడా లెక్కలోకి వస్తాయి.

చివరికి 1909 నాటికి లెక్క కట్టినప్పుడు తొమ్మిది టైడ్ గేజ్‌లను ఆధారం చేసుకున్నారు. కరాచీ, ముంబై, కార్వార్, బేపూర్, కొచ్చి, నాగపట్నం, చెన్నై, విశాఖపట్నం, ఒడిశా తీరంలో ఫాల్స్ పాయింట్. ఈ తొమ్మిది చోట్లా సగటు సముద్ర మట్టం ఒకటేనని, అదే సున్నా అని అనుకున్నారు. రైల్వే బోర్డు అంకె వెనక ఉన్నది ఈ తొమ్మిది బావుల సముద్రం.

ఆ అనుకోవడంలో ఒక లోటు ఉంది. నేల మీదుగా అరేబియా సముద్రం నుంచి బంగాళాఖాతం దాకా లెవెల్ పట్టుకుని నడిచి వస్తే లెక్క కుదరలేదు. విశాఖ దగ్గర సముద్రం ముంబై దగ్గరి సముద్రం కన్నా సుమారు 30 సెంటీమీటర్లు ఎత్తులో ఉన్నట్టు వచ్చింది. ఒక అడుగు! సర్వేలో తప్పేమో అనిపించడం సహజం. 2001లో ప్రచురితమైన ఒక అధ్యయనం సముద్రపు నీటి ఉప్పదనం లెక్కలతో దీన్ని విప్పి చూపింది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ అన్నీ వచ్చి పడేది బంగాళాఖాతంలోనే. మంచినీళ్లు ఎక్కువ కలిస్తే ఉప్పు తగ్గుతుంది, నీరు తేలికవుతుంది, అదే బరువుకు ఎక్కువ ఎత్తు నిలబడుతుంది. మన నదుల నీళ్ల వల్లే మన సముద్రం ఒక అడుగు పైన ఉంది. స్టాఫ్ కర్రలు మోసుకుంటూ ఎండలో నడిచిన ఆ ఖలాసీలు కొలిచింది నిజమే. అర్థం తెలియడానికి నూరేళ్లు పట్టింది. తర్వాతి కాలంలో సర్వే ఆఫ్ ఇండియా ఈ లెవెల్ వలను మళ్లీ కొలిచి, గురుత్వాకర్షణ కొలతలు కూడా కలిపి కొత్త ఆధారం తయారుచేసుకుంది.

పెన్సిలు గీతలో దాక్కున్న సునామీ

1881 డిసెంబర్ 31న కార్ నికోబార్ దగ్గర సముద్రం కింద భూకంపం వచ్చింది. అప్పటికి బంగాళాఖాతం చుట్టూ టైడ్ గేజ్‌లు పెట్టి కొద్దికాలమే అయింది. వాటి పని ఓడరేవులకు పోటు పాటుల వేళలు చెప్పడం, సగటు మట్టం తేల్చడం. ఆ రోజు మాత్రం పెన్సిళ్లు మామూలు పోటు మీద చిన్న చిన్న దువ్వెన పళ్లలాంటి గీతలు గీశాయి. అత్యధికంగా 80 సెంటీమీటర్ల అల. ఎవరికీ పెద్దగా నష్టం లేదు, కాగితాలు భద్రంగా దాచారు. 2003లో ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ పాత గీతలను లెక్కకట్టి, నాటి భూకంపం తీవ్రత 7.9 దగ్గర ఉంటుందనీ, అక్కడి భూమి పైపొర పలక అంచు ఎక్కడ జారిందో కూడా చెప్పారు. ఏడాది తిరిగేసరికి, 2004 డిసెంబర్ 26న అదే అంచు మీద అంతకన్నా ఎన్నో రెట్లు పెద్దది విరుచుకుపడింది.

అప్పుడే ఇంకో సంగతి కళ్లకు కట్టింది. రాయి కదలదు అన్న నమ్మకం మీదే ఈ లెక్కంతా నిలబడింది. కానీ ఆ రోజు నేలే కదిలింది. ఉత్తర అండమాన్ పడమటి ఒడ్డు మీటరుకు పైగా లేచి, పగడపు దిబ్బలు గాలికి బయటపడ్డాయి. గ్రేట్ నికోబార్ దక్షిణ కొన ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కుంగి, లైట్‌హౌస్ అడుగు భాగం నీళ్లలోకి పోయింది. పాత ఎత్తు కాగితం మీద రాసి ఉంది కాబట్టే ఎంత కుంగిందో చెప్పగలిగాం.

ఇప్పుడు టైడ్ గేజ్‌లు పెన్సిలు వదిలేసి నిమిషాల్లో కబురు పంపుతున్నాయి. ఆ కబురు అందుకునేది సముద్రం ఆనవాలే లేని హైదరాబాద్‌లో. 2007 నుంచి అక్కడి జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం పనిచేస్తోంది. ఓడలకు వేళలు చెప్పడానికి పెట్టిన బావి నేడు తీరవాసుల ప్రాణాలకు కాపలా.

పోటు గీత ఎవరిది?

1991 ఫిబ్రవరిలో వచ్చిన తీర నియంత్రణ మండలి నోటిఫికేషన్‌తో పై గీతకు ఒక్కసారిగా బలం వచ్చింది. పెద్ద పోటులో నీరు చేరే అత్యంత పై గీత నుంచి 500 మీటర్ల దాకా కట్టడాల మీద ఆంక్షలు పెట్టారు. పల్లెల్లో మొదటి 200 మీటర్లలో కొత్త కట్టడాలు దాదాపుగా కుదరవు. 2019లో మార్చిన నిబంధనల్లో చదరపు కిలోమీటరుకు 2,161 మందికి పైగా ఉన్న పల్లెలకు ఆ 200 మీటర్లు 50 మీటర్లకు తగ్గింది. గీత అటు జరిగినా ఇటు జరిగినా ఒకరికి రిసార్టు, ఇంకొకరికి గూడు. అంతకుముందు సర్వేయర్లకే పట్టిన ఈ రాళ్లు, గుర్తులు ఇప్పుడు పంచాయతీలోనూ కోర్టులోనూ మాట్లాడుకునే విషయాలయ్యాయి.

చిక్కేమిటంటే రాతి మీద గీసిన అంకె నిలబడి ఉంటుంది, గీత నిలబడదు. కాకినాడ పక్కన ఉప్పాడకు వెళ్లి చూడండి. తుపాను వచ్చిన ప్రతిసారీ బీచ్ రోడ్డు తెగుతుంది. రాళ్లు పోశారు, ఇసుక నింపిన జియోట్యూబ్ వేశారు, సముద్రం వాటినీ కోసుకుపోయింది. ముసలివాళ్లు నీళ్ల వైపు చెయ్యి చూపించి, “మా ఇల్లు అక్కడుండేది” అంటారు. అక్కడికి దగ్గర్లోనే హోప్ ఐలాండ్ ఉంది. గోదావరి తెచ్చిన ఇసుకతో సుమారు రెండు వందల ఏళ్లలో పెరిగిన ఇసుక తిన్నె అది. కొద్ది మైళ్ల తేడాలో సముద్రం ఒకచోట తీసుకుంటోంది, ఒకచోట పెడుతోంది. దేశం మొత్తం మీద 1990 నుంచి చూస్తే తీరంలో సుమారు మూడో వంతు కోతకు గురవుతోందని చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం లెక్క. తీరం కదిలే తీరునూ, ముంపునూ లెక్కలో పెట్టి సర్వే ఆఫ్ ఇండియా ‘హజార్డ్ లైన్’ ఒకటి గీసింది. దాన్ని విపత్తుల ఏర్పాట్లకు వాడుకోమన్నారే తప్ప అనుమతులకు అడ్డుగీతగా పెట్టలేదు. ఇది సరైన నిర్ణయం కాదని నా అభిప్రాయం. ప్రమాదం ఎక్కడిదాకా వస్తుందో కొలిచి చెప్పాక, ఆ లోపలే కట్టుకోనివ్వడం ఏమిటి?

డెల్టాలో ఇంకో మెలిక. ఉత్తర హిందూ మహాసముద్రం 1993-2015 మధ్య ఏడాదికి సగటున 3.3 మిల్లీమీటర్లు పెరిగింది. అదే సమయంలో డెల్టా మట్టి తన బరువుకు తనే అణుగుతూ ఉంటుంది. పైన ఆనకట్టలు ఒండ్రును ఆపేస్తే ఆ లోటు పూడదు. ఒడ్డున నిలబడ్డవాడికి రెండూ ఒకేలా కనిపిస్తాయి: నీళ్లు దగ్గరకొచ్చాయి. సముద్రం లేచిందా, నేల కుంగిందా? తేల్చాలంటే ఎప్పుడో కొలిచి పెట్టిన రాయిని మళ్లీ కొలవాలి. వేరే దారి లేదు.

జీపీఎస్ వచ్చాక రాయి ఎందుకు?

జీపీఎస్ ఉపగ్రహాలు సముద్రాన్ని చూడవు. అవి భూమికి ధ్రువాల దగ్గర కాస్త అణిగిన బంతి ఆకారంలో ఒక నున్నటి ఉపరితలం ఊహించుకుని, దాని నుంచి ఎత్తు చెబుతాయి. అసలు సముద్రం గురుత్వాకర్షణకు లోబడి అక్కడక్కడా పైకీ కిందికీ ఉంటుంది. శ్రీలంకకు దక్షిణాన ఆ ఊహా ఉపరితలం కన్నా 106 మీటర్ల లోతున ఉంటుంది. మన తీరంలోనూ తేడా పదుల మీటర్లే. అంటే బీచ్‌లో నిలబడి జీపీఎస్ ఇచ్చిన ముడి లెక్క చూస్తే సముద్రం అడుగున ఉన్నట్టు వస్తుంది. దాన్ని సరిచేసే సూత్రం సరిగ్గా ఉందో లేదో చూసుకునేది పాత బెంచ్‌మార్కుల మీద జీపీఎస్ పెట్టే.

ఈ రోజు దేశమంతటా కార్స్ స్టేషన్లు ఉన్నాయి. ఇరవై నాలుగ్గంటలూ ఉపగ్రహాలను వింటూ ఉండే స్తంభాలివి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబర్‌లో మొదలైన భూముల రీసర్వేలో రోవర్ అనే జీపీఎస్ కర్ర పట్టుకుని గట్టు మీద నిలబడిన సర్వేయర్‌కు సెంటీమీటర్లలో చోటు చెప్పింది ఇవే. టాపింగ్ నాటి గ్రానైట్ స్తంభం చేసిన పనే, కాకపోతే ఆకాశం నుంచి.

మొన్న పండక్కి ఊరెళ్లినప్పుడు లాకు దగ్గర ఆగాను. గోడకు కొత్తగా సిమెంటు పూత వేశారు. చదరంలో సగం పూత కిందికి పోయింది. జి.టి.ఎస్. కనిపిస్తోంది, బి.ఎం. కనిపించడం లేదు. గాలం వేస్తున్న పిల్లవాణ్ని డబ్బా కాస్త పక్కకు పెట్టమన్నాను. తాళంచెవితో గీకితే పెళుసు సిమెంటు పెచ్చులుగా లేచింది. కింద రాయి అంచు పదునుగా, చెక్కిన రోజున ఎలా ఉందో అలాగే ఉంది.